కారులో చల్లదనం ఎక్కడికి పోయింది?

మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. మార్కాపురంలో మా ఇంటి ముందు ఒక పాత కారు వచ్చి ఆగింది. గిద్దలూరు నుండి మా అక్కయ్యను ఎక్కించుకుని మా మేనల్లుడు వచ్చాడు. ఆమెను పదిహేను రోజులకొకసారి ఒంగోలు ఆసుపత్రికి తీసుకుపోవాలి. కంభం దాటి ఇక్కడికి వచ్చేసరికే ఆమె ముఖం కందిపోయింది. నెత్తిమీద తడి తువ్వాలు. ఇక్కడి నుండి పొదిలి మీదుగా ఒంగోలుకు ఇంకా సగం పైన ప్రయాణం మిగిలే ఉంది. ఆ రోజు ఎండ 44 డిగ్రీలు.

"ఏందిరా, అద్దాలన్నీ దించుకొచ్చారు? ఏ.సీ. వేయలేదా?" అని అడిగాను.

"పనిచేయటం లేదు మామా. గ్యాసు అయిపోయిందంట. పోయిన ఎండాకాలం నింపించా. అంతకు ముందు ఏడూ నింపించా. మళ్ళా నింపించాలంట."

"అయిపోవటానికి అదేమన్నా పెట్రోలా?" అన్నాను. వాడు తెల్లబోయి చూశాడు.

పిల్లలూ! మా మేనల్లుడి లాగే చాలామంది కారు ఏ.సీ.లోని గ్యాసు పెట్రోలు మాదిరిగా ఖర్చవుతుందని అనుకుంటారు. నిజానికి అది ఖర్చు కాదు. మరి ఆ గ్యాసు ఎక్కడికి పోయింది? అసలు అది చేసే పని ఏమిటి? మీరు తరగతిలో చదువుకున్న పాఠాలతోనే ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవచ్చు.

కుండ చెప్పే పాఠం

ఎండాకాలంలో మట్టికుండలో నీళ్ళు చల్లగా ఉంటాయి. ఎందుకు? కుండకు కంటికి కనపడని సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిలో నుండి నీరు చెమ్మగా బయటకు వచ్చి ఆవిరి అవుతుంది. ద్రవం ఆవిరి కావాలంటే ఉష్ణం కావాలి. ఆ ఉష్ణాన్ని అది కుండలోని నీటి నుండే తీసుకుంటుంది. అందుకే లోపలి నీరు చల్లబడుతుంది. 100 డిగ్రీల వద్ద ఒక గ్రాము నీరు ఆవిరిగా మారటానికి 540 కాలరీల ఉష్ణం కావాలని మీరు చదువుకున్నారు. దీనినే బాష్పీభవన గుప్తోష్ణం అంటాము. అక్కయ్య నెత్తిమీది తడి తువ్వాలు చేస్తున్నదీ ఈ పనే.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. కుండ చల్లదనాన్ని తయారు చేయలేదు. లోపలి వేడిని బయటకు పంపింది, అంతే. కారులోని ఏ.సీ. కూడా చల్లదనాన్ని తయారు చేయదు. కారు లోపలి వేడిని మోసుకుపోయి బయట పారబోస్తుంది. ఆ వేడిని మోసే కూలీయే మనం గ్యాసు అని పిలిచే శీతలకం.

కుండకూ కారుకూ ఒక పెద్ద తేడా ఉంది. కుండలో ఆవిరైన నీరు గాలిలో కలిసిపోతుంది. అందుకే కుండను రోజూ నింపాలి. కారులో ఆవిరైన శీతలకం గొట్టాల లోపలే ఉంటుంది. దానిని మళ్ళీ ద్రవంగా మార్చి, మళ్ళీ వాడుకుంటారు. ఒకే కూలీ ఖాళీ తట్టతో వచ్చి, నిండు తట్టతో వెళ్ళి, మళ్ళీ ఖాళీ తట్టతో తిరిగి రావటం లాంటిది ఇది.

నాలుగు మజిలీలు

మా మేనల్లుడి కారులో వాడే శీతలకం పేరు ఆర్-134ఎ. మామూలు వాతావరణ పీడనం వద్ద ఇది సున్నా కంటే 26 డిగ్రీలు తక్కువ ఉష్ణోగ్రతలోనే మరిగిపోతుంది. పీడనం పెరిగితే దాని మరుగు స్థానం కూడా పెరుగుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో నీరు 100 డిగ్రీలు దాటాక గానీ మరగదని మీకు తెలుసు కదా! ఇదీ అంతే. కారు ఏ.సీ. రహస్యమంతా ఈ ఒక్క సూత్రంలోనే ఉంది.

మొదటి మజిలీ కూలింగ్ కాయిల్. ఇది కారు లోపల, ముందు భాగంలో ఉంటుంది. ఇక్కడ పీడనం వాతావరణ పీడనానికి దాదాపు 3 రెట్లు. ఆ పీడనంలో ఆర్-134ఎ సుమారు 1 డిగ్రీ సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. కారులోని వేడిగాలిని ఒక ఫ్యాను ఈ కాయిల్ మీదుగా తోస్తుంది. ఆ వేడిని తీసుకుని లోపలి ద్రవం మరిగి ఆవిరి అవుతుంది. వేడిని పోగొట్టుకున్న గాలి చల్లబడి మన ముఖానికి తగులుతుంది.

రెండవ మజిలీ కంప్రెసర్. ఇంజను ఒక బెల్టు ద్వారా దీనిని తిప్పుతుంది. ఇది ఆవిరిని పీల్చి గట్టిగా అదుముతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కటం మీరు చూసే ఉంటారు. అలాగే ఈ ఆవిరి కూడా చేయి కాలేటంత వేడెక్కుతుంది. పీడనం 16 రెట్ల వరకు పెరుగుతుంది.

మూడవ మజిలీ కండెన్సర్. ఇది కారుకు ముందు వైపు, రేడియేటరుకు ఎదురుగా ఉంటుంది. ఇక్కడ ఆవిరి తన వేడిని బయటి గాలికి ఇచ్చేసి ద్రవంగా మారుతుంది.

నాలుగవ మజిలీ ఎక్స్‌పాన్షన్ వాల్వు. ఇది చాలా సన్నని దారి. దీని గుండా దూరి అవతలకు రాగానే ద్రవం మీది పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. కొంత ద్రవం వెంటనే ఆవిరై మిగిలినదానిని చల్లబరుస్తుంది. ఆ చల్లని ద్రవం మళ్ళీ కూలింగ్ కాయిల్‌లోకి చేరుతుంది. మొదటి మజిలీ మళ్ళీ మొదలు!

కంప్రెసర్ ఎప్పుడూ తిరగనక్కరలేదు. కావలసినప్పుడు కలిపి, అక్కరలేనప్పుడు విడదీయటానికి దానికి ఒక విద్యుదయస్కాంత క్లచ్ ఉంటుంది. ఏ.సీ. మీట నొక్కగానే 'టిక్'మని వినపడే చప్పుడు దానిదే. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ మొదటిసారిగా కార్లలో ఏ.సీ. అమర్చి అమ్మినప్పుడు ఈ క్లచ్ లేదు. ఏ.సీ. అక్కరలేకపోతే దిగి, మూత ఎత్తి, బెల్టు ఊడదీయవలసి వచ్చేదట!

44 డిగ్రీల గాలి చల్లబరుస్తుందా?

మీలో తెలివైనవారు ఒక ప్రశ్న వేస్తారు. "సార్! వేడి ఎప్పుడూ ఎక్కువ ఉష్ణోగ్రత నుండి తక్కువ ఉష్ణోగ్రతకే ప్రవహిస్తుందని చెప్పారు కదా! బయట ఎండ 44 డిగ్రీలు, కారు లోపల 30 డిగ్రీలు అయితే, లోపలి వేడి బయటకు ఎలా పోతుంది?"

మంచి ప్రశ్న. కంప్రెసర్ అవసరం ఇక్కడే ఉంది. 16 రెట్ల పీడనంలో ఆర్-134ఎ మరుగు స్థానం దాదాపు 58 డిగ్రీలు. అంటే కండెన్సర్‌లో అది 58 డిగ్రీల వద్దనే ద్రవంగా మారిపోతుంది. 58 డిగ్రీల వస్తువుకు 44 డిగ్రీల గాలి చల్లనిదే కదా! అందుకే వేడి సులభంగా బయటకు పోతుంది. లోపల 1 డిగ్రీ వద్ద వేడిని ఎక్కించుకోవటం, బయట 58 డిగ్రీల వద్ద దించటం. ప్రకృతి నియమాన్ని మనం ఎక్కడా తప్పలేదు. ఇంజను శక్తిని ఖర్చుపెట్టి వేడిని ఎత్తుకు చేర్చాము. బావిలో నీటిని మోటారు పైకి తోడినట్లు!

తేడా 14 డిగ్రీలే గనుక కండెన్సర్‌కు గాలి బాగా తగలాలి. దాని సందులలో దుమ్ము పేరుకుంటే వేడి దిగదు. లోపల చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద బరువు పెరుగుతుంది.

ముల్లు చెప్పిన నిజం

అక్కయ్యను ఆ రోజు ఒంగోలుకు వేరే కారులో పంపి, నేనూ మా మేనల్లుడూ ఆ పాత కారును మార్కాపురంలోనే ఒక మెకానిక్ దగ్గరకు తీసుకుపోయాము. అతడు ఒకప్పుడు నా దగ్గర పదవ తరగతి చదివినవాడు.

"గ్యాసు నింపు తమ్ముడూ, తొందరగా పోవాలి" అన్నాడు మా మేనల్లుడు.

"నింపటం పావుగంట పని అన్నా. కానీ పోయినసారి నింపింది ఏమైందో చూడకుండా నింపితే, మళ్ళా ఏడు మళ్ళా వస్తావు" అన్నాడతడు. నాకు ఆ మాట చాలా నచ్చింది.

అతడు ఇంజను ఆపి, రెండు మీటర్లున్న పరికరాన్ని గొట్టాలకు తగిలించాడు. "సార్, ఇప్పుడు ఎంత చూపాలో మీరే చెప్పండి" అని నవ్వాడు. షెడ్డులో నీడన ఉష్ణోగ్రత 40 డిగ్రీలు. మూసిన పాత్రలో ద్రవమూ ఆవిరీ కలిసి ఉన్నప్పుడు, లోపలి పీడనం ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. ద్రవం గ్లాసెడున్నా బిందెడున్నా ఒకటే. 40 డిగ్రీల వద్ద ఆర్-134ఎకు అది వాతావరణ పీడనానికి 10 రెట్లు. మీటరు వాతావరణ పీడనానికి పైన ఎంత ఉందో మాత్రమే చూపుతుంది గనుక 9 దగ్గర నిలవాలి. కాని రెండు ముళ్ళూ 1 దగ్గరే ఆగిపోయాయి. అంటే గొట్టాలలో ద్రవం చుక్క కూడా లేదు. మిగిలింది కొద్దిపాటి ఆవిరి మాత్రమే. పీడనం ఇంత తగ్గితే కంప్రెసర్ పాడు కాకుండా ఒక స్విచ్చి దానిని తిరగనివ్వదు. ఎంత నొక్కినా 'టిక్' వినపడకపోవటానికి కారణం అదే.

గ్యాసు ఖర్చు కాదని ముందే చెప్పుకున్నాం. కనుక ఎక్కడో చిల్లి ఉన్నట్లే. ఎక్కడ?

పలక దుమ్ము పట్టించిన దొంగ

మా మార్కాపురం పలకలకు పేరుపొందిన ఊరు. ఒకప్పుడు ఎన్నో ఊళ్ళ పిల్లలు అక్షరాలు దిద్దింది ఇక్కడి రాతిపలకల మీదనే. గనుల దగ్గర, రాయి కోసే చోట్ల దారి పొడుగునా బూడిదరంగు దుమ్ము లేస్తుంది. ఈ దారులలో తిరిగే కార్ల కండెన్సర్ సందులలో అది నిండిపోతుంది.

మెకానిక్ టార్చిలైటు వేసి కండెన్సర్‌ను పరీక్షించాడు. దుమ్ము అంతటా పొడిగా, పలుచగా ఉంది. కాని కింది మూలన, గొట్టం కలిసే ఒక్క అతుకు దగ్గర మాత్రం నల్లగా, ముద్దగా అట్ట కట్టి ఉంది.

"చూశారా సార్, దొంగ దొరికాడు" అన్నాడు.

ఎలా కనిపెట్టాడు? కంప్రెసర్ అరిగిపోకుండా లోపల కొంత నూనె ఉంటుంది. అది శీతలకంతో కలిసి గొట్టాలన్నీ తిరుగుతుంది. చిల్లి ఉన్నచోట గ్యాసుతో పాటు నూనె కూడా చెమ్మగా బయటకు వస్తుంది. గ్యాసు కనపడకుండా పోతుంది, నూనె మాత్రం అక్కడే నిలుస్తుంది. ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని గుర్తు పెడుతుంది. మనల్ని ఇబ్బందిపెట్టే పలక దుమ్మే ఇక్కడ సాక్ష్యం చెప్పింది!

అయినా అనుమానం మీద అతడు నిర్ణయానికి రాలేదు. మిగిలిన గ్యాసును ఒక యంత్రంతో సిలిండరులోకి తీసుకున్నాడు. తర్వాత గొట్టాలలోకి నైట్రోజన్ వాయువును పీడనంతో పంపాడు. సబ్బునీళ్ళను కుంచెతో ప్రతి అతుకు మీదా పూశాడు. జిడ్డు ఉన్న అతుకు దగ్గర చిన్న చిన్న బుడగలు ఒకదాని వెనుక ఒకటి పొంగాయి. మిగతా అతుకులలో ఏమీ రాలేదు. సైకిలు ట్యూబును నీళ్ళలో ముంచి పంక్చరు వెతకటం లాంటిదే ఇది.

అతుకు విప్పితే లోపల ఉంగరం లాంటి చిన్న రబ్బరు వాషరు కనిపించింది. ఏళ్ళ తరబడి ఇంజను వేడికి అది గట్టిపడి, పగిలిపోయింది. రెండు ఎండాకాలాలు గ్యాసు కోసం ఖర్చు పెట్టించింది వేలి గోరంత రబ్బరు ముక్క! వాషరు మార్చి, కండెన్సర్ సందులను నీళ్ళతో మెల్లగా కడిగాడు.

ముందు ఖాళీ, తర్వాత నింపటం

వాషరు మార్చగానే గ్యాసు నింపేయవచ్చా? కూడదు. విప్పినప్పుడు గొట్టాలలోకి గాలి, దానితో పాటు తేమ చేరతాయి. ఏ.సీ. పీడనాల దగ్గర గాలి ద్రవంగా మారదు. అది కండెన్సర్‌లో చోటు ఆక్రమించి పీడనాన్ని ఊరకే పెంచుతుంది. తేమ ఇంకా చెడ్డది. సన్నని ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూసేస్తుంది. నూనెతోను, శీతలకంతోను కలిసి లోహాన్ని తినేసే ఆమ్లాలు కూడా తయారవుతాయి.

అందుకే వాక్యూం పంపుతో లోపలి గాలినంతా తోడేస్తారు. పీడనం బాగా తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. మామూలు వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. దానిని సుమారు 40 మిల్లీమీటర్ల కంటే తగ్గిస్తే 35 డిగ్రీల వద్దనే నీరు మరిగి ఆవిరై పంపులోకి పోతుంది. పొయ్యి లేకుండానే తేమ ఎండిపోతుందన్నమాట! తేమను పీల్చే గుళికలున్న డ్రయ్యరును కూడా అతడు కొత్తది వేశాడు. పంపును అరగంటకు పైగా తిప్పి, ఆపి, మీటరు ముల్లును కాసేపు గమనించాడు. అది కదలలేదు. చిల్లి పూడిందని అదొక రుజువు.

చివరకు శీతలకాన్ని త్రాసు మీద తూచి నింపాడు. ఈ కారుకు పట్టేది 500 గ్రాములు. తక్కువైతే చల్లదనం ఉండదు. ఎక్కువైతే పీడనం పెరిగి యంత్రం దెబ్బతింటుంది. అందాజుగా నింపటం మంచి పద్ధతి కాదు.

ఇంజను నడిపి మీట నొక్కాడు. 'టిక్'మంది. బడి ప్రయోగశాల నుండి నేను తెచ్చిన థర్మామీటరును గాలి వచ్చే సందులో పెట్టాను. పాదరసం దిగుతూ వచ్చి 12 డిగ్రీల దగ్గర ఆగింది.

గాలిలో కలిస్తే ఏమవుతుంది?

"అరకిలో గ్యాసే కదా, పోతే పోయింది" అనుకోవచ్చా? ఇక్కడ కొంచెం చరిత్ర తెలుసుకోవాలి.

పాత కార్లలో, ఫ్రిజ్‌లలో ఆర్-12 అనే శీతలకం వాడేవారు. ఇది క్లోరోఫ్లోరోకార్బన్ల జాతిది. 1928లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ, ఆయన సహచరులు వీటిని శీతలకాలుగా ఉపయోగించవచ్చని చూపారు. మంట అంటుకోదు, విషం కాదు. అందరూ మెచ్చుకున్నారు. కాని 1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ అనే శాస్త్రజ్ఞులు ఒక హెచ్చరిక చేశారు. ఈ వాయువులు చెడిపోకుండా మెల్లగా పైకి చేరి, అక్కడ సూర్యకిరణాల తాకిడికి విడిపోయి క్లోరిన్‌ను వదులుతాయని, ఆ క్లోరిన్ ఓజోన్‌ను నాశనం చేస్తుందని చెప్పారు. ఓజోన్ పొర సూర్యుని అతినీలలోహిత కిరణాల నుండి మనల్ని కాపాడే గొడుగు. 1985లో అంటార్కిటికా మీద ఆ గొడుగు బాగా పలుచబడిందని బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ నగరంలో ప్రపంచ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం 1992లో అందులో చేరింది. ఆ సెప్టెంబరు 16నే నేడు ఓజోన్ దినంగా జరుపుకుంటున్నాము. మొలీనా, రోలాండ్‌లకు పాల్ క్రుట్జెన్‌తో కలిపి 1995లో నోబెల్ బహుమతి లభించింది.

ఆర్-12 స్థానంలో వచ్చినదే ఆర్-134ఎ. దీనిలో క్లోరిన్ లేదు గనుక ఓజోన్‌కు హాని లేదు. కాని ఇది భూమి వేడిని పట్టి ఉంచుతుంది. నూరేళ్ళ లెక్కన చూస్తే ఒక కిలో ఆర్-134ఎ, 1400 కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువుతో సమానం. మనమే లెక్క వేద్దాం. 500 గ్రాములు గాలిలో కలిస్తే 700 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినట్లు. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అంటే ఒక్కసారి కారిపోయిన గ్యాసు 300 లీటర్ల పెట్రోలు కాల్చినదానితో సమానం! ఎండ వేడి తప్పించుకోవటానికి వాడే వాయువు కారిపోయి, భూమి వేడిని ఇంకా పెంచుతుంది. ఇలాంటి వాయువులను తగ్గించటానికి 2016లో కిగాలి నగరంలో దేశాలు అంగీకరించాయి. మన దేశం 2021లో దానిని ఆమోదించింది.

జాగ్రత్త!

ఏ.సీ. గొట్టాలను మీరు విప్పరాదు. ద్రవ శీతలకం చర్మం మీద పడితే క్షణంలో గడ్డకట్టిస్తుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. చౌక అని చెప్పి ఎవరైనా వంటగ్యాసు నింపుతామంటే ఒప్పుకోవద్దని ఇంట్లో పెద్దలకు చెప్పండి. అది కారి లోపల చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. చిల్లి వెతకటానికి ఆక్సిజన్ నింపటం కూడా ప్రమాదమే. నూనెతో కలిసి అది పేలవచ్చు. మరొక మాట. ఎండలో ఆపిన కారులో అద్దాలు మూసి పసిపిల్లలను, ముసలివారిని ఎన్నడూ వదలరాదు. ఆ వేడి ప్రాణం తీస్తుంది.

చలికాలంలో కూడా వారానికొకసారి పది నిమిషాలు ఏ.సీ. నడిపితే మంచిది. నూనె అంతటా తిరిగి రబ్బరు సీళ్ళు ఎండకుండా ఉంటాయి.

చేసి చూడండి

1. ఒక థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలిలో వేలాడదీయండి. మరొకటి ఊరికే వేలాడదీయండి. పది నిమిషాల తర్వాత రెండింటి తేడా ఎంత? వాన కురిసిన రోజున మళ్ళీ చూడండి. తేడా ఎందుకు మారింది?

2. సైకిలు పంపు అడుగును పట్టుకుని చూసి, ఇరవైసార్లు గాలి కొట్టి మళ్ళీ పట్టుకోండి. ఆ వేడి ఎక్కడి నుండి వచ్చింది?

3. ఏ.సీ. నడిచే కారు ఆగినప్పుడు కింద నీళ్ళు చుక్కలుగా కారుతుంటాయి. ఎక్కడా చిల్లి లేదు. మరి ఆ నీళ్ళు ఎక్కడివి? చల్లని నీళ్ళ చెంబు బయట చూస్తే జవాబు దొరుకుతుంది.

మా అక్కయ్య తర్వాతి నెల మళ్ళీ వచ్చింది. అద్దాలు మూసి ఉన్నాయి. దిగుతూనే, "ఒరే తమ్ముడూ, ఈసారి దారిలో నిద్రపోయానురా" అంది. మరుసటి ఎండాకాలం కూడా ఆ కారుకు గ్యాసు నింపించే అవసరం రాలేదు.